రెడీమేడ్ ప్రహరీ: సరుకు మంచిదే, ఎత్తు మాత్రం మనమే తేల్చుకోవాలి

హైదరాబాదు చుట్టుపక్కల కొత్త లేఅవుట్లలో ఇటుక ప్రహరీల కన్నా ఇప్పుడు రెడీమేడ్ కాంపౌండ్ వాల్స్ ఎక్కువగా కనిపిస్తున్నాయి. సిమెంటు పోల్స్ పాతి, వాటి గాడుల్లోకి పలకలను ఒకదాని మీద ఒకటి దించుకుంటూ పోతే గోడ లేచిపోతుంది. సంగారెడ్డి వైపు మేము ఇల్లు కట్టుకుంటున్న 240 గజాల స్థలానికి ఎక్కువ భాగం ఈ గోడనే వేయించాము. సరుకు గురించి, పనివాళ్ల నేర్పు గురించి చెప్పవలసిన మంచి చాలానే ఉంది. అయితే ఈ వ్యాపారంలో కొనేవారూ అమ్మేవారూ కూడా తేలిగ్గా దాటేసే ప్రశ్న ఒకటి ఉంది, అది గోడ ఎత్తు. కొటేషన్ ఇవ్వడానికి వచ్చినవారు పొడవును టేపు పట్టి అంగుళంతో సహా కొలుస్తారు కానీ, ఎత్తు దగ్గరికి వచ్చేసరికి "ఆరడుగులు వేసేద్దాం సార్, అందరూ అదే వేయించుకుంటున్నారు" అని నోటిమాటతో తేల్చేస్తారు. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ ఆరడుగుల గురించే.

ముందుగా సరుకు సంగతి. మాకు వచ్చిన పలక 7 అడుగుల పొడవు, అడుగు ఎత్తు, 2 అంగుళాల మందం ఉంది. ఈ కొలతల కాంక్రీటు పలక ఒక్కొక్కటి దాదాపు 80 కిలోలు తూగుతుంది, కాబట్టి లారీ నుంచి దించేటప్పుడు కొన్నింటి మూలలు రాలడం సహజమే. రాలినవాటిని పక్కన పెట్టిస్తే మారుమాట లేకుండా వేరేవి పంపారు. మిగిలినవాటి అంచులు తిన్నగా ఉన్నాయి, పైభాగం నున్నగా ఉంది, లోపలి ఇనుప కమ్మీ ఎక్కడా బయటికి తేలలేదు, సుత్తితో తడితే బోలుగా కాకుండా ఖంగున మోగింది. కాంక్రీటు బలాన్ని 28 రోజుల నాటి పరీక్షతో లెక్కకడతారన్నది ఇల్లు కట్టిన ప్రతివారికీ తెలిసిన విషయమే అయినా, పలకలు కొనేటప్పుడు పోత పోసిన తేదీ అడగాలని మాత్రం చాలామందికి తోచదు. తడి ఆరకముందే లారీకెక్కిన పలక గోడలో నిలబడ్డాక నెమ్మదిగా నెర్రెలిస్తుంది. మాకు పంపిన పలకల మీద తేదీని రంగుతో రాసి ఉంచారు, అది నాకు నచ్చింది.

ఇటుక గోడకు లేని పరిమితి ఒకటి ఈ గోడకు ఉంది. ఇటుక గోడ ఎత్తు చాలలేదనిపిస్తే పునాదిని బట్టి తర్వాత మరో రెండు వరసలు పేర్చుకోవచ్చు. ఇక్కడ ఎత్తును నిర్ణయించేది పోల్ పొడవు, ఆ పోల్ ఫ్యాక్టరీలో పోత పోసినప్పుడే దాని పొడవు ఖాయమైపోతుంది. నేల మీద 6 అడుగులు కావాలంటే, 2 అడుగులు భూమిలోకి పోను, 8 అడుగుల పోల్ కావాలి. తర్వాత మరో పలక ఎక్కిద్దామంటే పైన గాడి ఉండదు. ముందుజాగ్రత్తగా పొడవు పోల్ తెప్పించి పలకలు తక్కువ దించితే పైన మోడు స్తంభాలు మిగిలిపోయి గోడ సగంలో ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ఎత్తు నిర్ణయం ఆర్డరు ఇచ్చే రోజునే, ప్రతి వైపుకూ విడివిడిగా జరగాలి. ఆ ప్రశ్నలు అడగవలసిన బాధ్యత, నా దృష్టిలో, అమ్మేవారిదే. మా దగ్గరికి వచ్చిన ప్రతినిధి ఆ పని చేయలేదు, మర్యాదగా మాట్లాడి వెళ్లిపోయారు.

అసలు ఎత్తు అంటే ఎక్కడి నుంచి ఎత్తు? ఈ ఒక్క ప్రశ్నతో ఆరడుగుల లెక్క సగం చెదిరిపోతుంది. మా స్థలం రోడ్డుతో సమానంగా ఉండేది. వాననీరు ఇంట్లోకి రాకుండా ఆవరణను రోడ్డు కన్నా అడుగున్నర ఎత్తుకు మొరంతో నింపాలని ముందే అనుకున్నాము. రోడ్డు మట్టం నుంచి కొలిచి 6 అడుగుల గోడ వేస్తే, నింపుడు పూర్తయ్యాక లోపలివారికి మిగిలేది నాలుగున్నర అడుగులు. అదే రోడ్డు మీద నడిచేవారికి మాత్రం ఆ గోడ 6 అడుగులే. బయటివారి చూపు లోపలికి పడకూడదనుకుంటే వారి కాళ్లు ఆనే నేల నుంచి కొలవాలి, లోపలి పిల్లలు గోడెక్కి దూకకూడదనుకుంటే లోపలి నేల నుంచి కొలవాలి. పక్క స్థలం ఖాళీగా పల్లంలో ఉన్నప్పుడు ఇవాళ అటువైపు నుంచి ఎత్తు చాలా కనిపిస్తుంది కానీ, రేపు దాని యజమాని కూడా మొరం తోలించి ఇల్లు మొదలుపెడితే ఆ అదనపు ఎత్తు మాయమైపోతుంది. అందుకని పడమటి వైపు మా ఆవరణ మట్టాన్నే ఆధారంగా తీసుకున్నాము.

నింపుడు విషయంలో మరో ప్రమాదం ఉంది, దీన్ని మాత్రం అమ్మకందారులు చెప్పకపోవడం నాకు సబబుగా అనిపించలేదు. ఈ పలకలు నిలబడేందుకు పోసినవి, మట్టిని ఆపేందుకు పోసినవి కావు. 2 అంగుళాల పలకకు ఒకవైపు అడుగున్నర మొరం పోసి, దాని మీద వాన కురిసి, తడిసిన మట్టి బరువంతా అట్టడుగు పలక మీదికి ఒత్తిడిగా వస్తే, అది మధ్యలో బొజ్జ తేలినట్టు వంగి పగులుతుంది. మా కాలనీలోనే ఒక స్థలంలో అట్టడుగు వరస పలకలు మొత్తం పక్కవారి వైపు ఉబ్బి ఉన్నాయి. గోడ పడలేదు కానీ, పడినంత పనైంది. మట్టి నింపదలచినవారు నింపేంత ఎత్తు వరకు రాతి కట్టడమో కాంక్రీటు గోడో కట్టుకుని, పలకలను దాని పైనుంచి మొదలుపెట్టాలి. మేము పడమటి, దక్షిణపు వైపుల అడుగున్నర రాతి కట్టడం కట్టించి, పోల్స్‌ను దాని మధ్యలోంచి కిందికి దింపించాము. నీరు నిలవకుండా కట్టడంలో అక్కడక్కడ పైపు ముక్కలు పెట్టించాము. దీనివల్ల పోల్ పొడవు పెరిగింది, ఖర్చు పెరిగింది, అయినా మరో దారి లేదు.

రోడ్డు కూడా ఒకచోట నిలిచి ఉండదు. కొత్త కాలనీలో మొదట మట్టి రోడ్డు ఉంటుంది, తర్వాత సీసీ రోడ్డు వస్తుంది. కింద కంకర, పైన ఆరంగుళాల కాంక్రీటు కలిసి దాదాపు అడుగు దాకా లేస్తాయి, ఆపైన కొన్నేళ్లకు దాని మీదే మరో పొర వేస్తారు. పాత కాలనీల్లో గేటు దిగి ఇంట్లోకి వెళ్లవలసిన ఇళ్లు ఎన్ని ఉన్నాయో చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది. ఇంకా రోడ్డు పడని చోట ప్రహరీ కట్టేవారు రోడ్డు వైపు గోడను కొలిచేటప్పుడు రాబోయే మట్టాన్ని ముందే ఊహించి, ఆ మేరకు ఎత్తు కలుపుకోవడం మంచిది.

ఇక దాపు, అంటే చాటు సంగతి. సగటు మనిషి నిలబడితే కంటి ఎత్తు 5 అడుగులకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. 5 అడుగుల గోడ పక్కన నడిచేవారికి లోపలి ఆవరణ తల తిప్పితే కనబడుతుంది, 6 అడుగుల గోడ పక్కన నడిచేవారికి ఇంటి కిటికీల పైభాగం, చెట్ల కొమ్మలు తప్ప ఏమీ కనబడవు. ఇంతవరకు ఆరడుగుల వాదం నిజమే. కానీ రెండడుగుల బేస్‌మెంట్ మీద వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి కంటి ఎత్తు నేల నుంచి దాదాపు 6 అడుగులు ఉంటుంది. ఆయనకు రోడ్డు మీద వెళ్లేవారి ముఖాలు కనిపించాలని, పలకరింపు సాగాలని ఉంటే ముందు వైపు 6 అడుగుల మూతగోడ ఆ సుఖాన్ని పాడుచేస్తుంది. ఇంటి ముందు ఎవరు బెల్లు కొట్టారో చూడడానికి ప్రతిసారీ గేటు దాకా నడవవలసి రావడం పెద్దవాళ్లున్న ఇంట్లో చిన్న ఇబ్బంది కాదు.

పక్కింటి మేడ మీద నుంచి కనబడుతోందని గోడను 8 అడుగులకు పెంచుకునేవారిని చూస్తుంటాను. వారు ఒకసారి కాగితం మీద గీత గీసి చూసుకుంటే బాగుంటుంది. మా దక్షిణపు పక్కింటి మొదటి అంతస్తు కిటికీలో నిలబడిన మనిషి కన్ను నేల నుంచి దాదాపు 17 అడుగుల ఎత్తులో, గోడకు 4 అడుగుల దూరంలో ఉంటుందనుకుందాం. గోడ 6 అడుగులైతే ఆ చూపు గోడను దాటి మా వైపు దాదాపు 2 అడుగుల 2 అంగుళాల దూరంలో నేలను తాకుతుంది, గోడ 8 అడుగులైతే మూడున్నర అడుగుల దగ్గర తాకుతుంది. రెండడుగుల గోడ అదనంగా లేపి సంపాదించిన చాటు అడుగున్నర కూడా లేదు. మేడ మీది చూపుకు గోడ మందు కాదు. కిటికీకి తెర, ఆవరణలో ఒక వేపచెట్టో, గోడ వెంట మందారమో, పందిరి మీదికి పాకించిన కాగితపు పూల తీగో అంతకన్నా బాగా పనిచేస్తాయి.

పైగా ఆ 8 అడుగుల గోడ మన కిటికీనే మూసేస్తుంది. బేస్‌మెంట్ 2 అడుగులు, దాని మీద 3 అడుగుల దగ్గర కిటికీ కింది అంచు, 7 అడుగుల దగ్గర లింటెల్ (కిటికీ పై దిమ్మె) అనుకుంటే, బయటి నేల నుంచి చూసినప్పుడు కిటికీ 5 అడుగుల దగ్గర మొదలై 9 అడుగుల దగ్గర ముగుస్తుంది. మన వైపుల్లో చాలా ఇళ్లకు పక్కన వదిలేది మూడడుగుల సందు. ఆ సందు చివర 6 అడుగుల గోడ ఉంటే నాలుగడుగుల కిటికీలో ఒక అడుగు మాత్రమే గోడ వెనక్కి పోతుంది, 8 అడుగుల గోడ ఉంటే మూడడుగులు పోతుంది. అలాంటి గదిలో పగలు కూడా లైటు వేసుకుని కూర్చోవాలి, గాలి పైనుంచే దాటిపోతుంది, సందులో గోడలు ఎండక నాచు పట్టిపోతుంది. పక్కవారి ఇల్లు పాతదైతే మరో చిక్కు కూడా రావచ్చు: 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ఒక కిటికీ 20 ఏళ్లపాటు అడ్డు లేకుండా వెలుతురు, గాలి పొందుతూ వస్తే అది హక్కుగా మారే అవకాశం ఉంది, కాబట్టి పాత ఇళ్ల నడుమ గోడ లేపేవారు ముందు పక్కవారితో కూర్చుని మాట్లాడుకోవడం మేలు.

నిబంధనల మాటకొస్తే, 2016 నాటి జాతీయ భవన నియమావళి ఇంటి ప్రహరీ ఎత్తును ముందు రోడ్డు మధ్యరేఖ నుంచి ఒకటిన్నర మీటర్లకు, అంటే దాదాపు 5 అడుగులకు పరిమితం చేస్తుంది. పైన 0.9 మీటరు భాగం జాలీలాగా తెరిచి ఉండేటట్టయితే మొత్తం 2.4 మీటర్ల దాకా అనుమతించవచ్చని అంటుంది. మూల స్థలమైతే కూడలి నుంచి రెండు వైపులా 10 మీటర్ల మేర మూతగోడ 0.75 మీటరు దాటకూడదు, మిగతా 0.75 మీటరు కమ్మీలతో చేసుకోవచ్చు. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది: మలుపు తిరిగే బండివాడికి అవతలి నుంచి వచ్చే పిల్లవాడు కనిపించాలి. ఈ నియమావళి స్వతహాగా సలహా మాత్రమే, చెల్లుబాటయ్యేది స్థానిక నిబంధనే. కాబట్టి ప్లాను అనుమతి తీసుకునేటప్పుడే పురపాలక సంఘంలోనో పంచాయతీలోనో ప్రహరీ ఎత్తు అడిగి రాయించుకోవాలి. ముందు పొట్టిగా, వెనక పొడుగ్గా అన్న సూత్రం మన ఒక్కచోటిదే కాదు. ఇంగ్లండులో వాహనాలు తిరిగే రోడ్డును ఆనుకుని మీటరు, మిగతా చోట్ల 2 మీటర్లు దాటితేనే ప్రత్యేక అనుమతి అడుగుతారు, అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు కూడా ముందు మూడు నాలుగడుగులు, వెనక ఆరడుగులు అనే లెక్కకే ఎక్కువగా అలవాటుపడి ఉంటారు.

మాది తూర్పు ముఖం, ఉత్తరాన కూడా రోడ్డు. అంటే కూడలి సరిగ్గా ఈశాన్యంలో పడింది. తూర్పు ఉత్తరాల ప్రహరీ తక్కువగా, పడమర దక్షిణాల ప్రహరీ ఎక్కువగా ఉండాలన్నది మన ఇళ్లలో ఎవరిని అడిగినా చెప్పే వాస్తు నియమం. దాన్ని నమ్మినా నమ్మకపోయినా, మా మూల స్థలం విషయంలో వాస్తు, నియమావళి రెండూ ఒకే మాట చెప్పడంతో ఇంట్లో వాదన లేకుండా పోయింది. ఈశాన్య మూల నుంచి ఇరువైపులా రెండున్నర అడుగుల మూతగోడ, దాని మీద రెండున్నర అడుగుల గ్రిల్లు పెట్టాము. 36 అడుగుల తూర్పు వైపు దాదాపు అంతా ఇలాగే వచ్చింది, 60 అడుగుల ఉత్తరపు వైపు 10 మీటర్లు దాటాక 5 అడుగుల పలకల గోడ మొదలైంది. గ్రిల్లు కింది గోడను ఇటుకతోనే కట్టించాము, ఎందుకంటే రెండున్నర అడుగుల గోడను అడుగు పలకలతో పేర్చడం కుదరదు. అడుగు చొప్పున తప్ప ఎత్తు పెంచలేకపోవడం, తగ్గించలేకపోవడం ఈ సరుకులో ఉన్న లోపం. అరడుగు పలక కూడా అచ్చు పోస్తే ఎంత ఉపయోగమో తయారీదారులు ఆలోచించాలి.

వాదన వచ్చింది నైరుతి దగ్గర. పడమర, దక్షిణాలకు 6 అడుగులు అనుకున్నాక మా మామగారు "ఆ మూల ఇంకో రెండు పలకలు ఎక్కించమనవయ్యా, బరువుగా ఉండాలి" అన్నారు. ప్రతినిధి వెంటనే ఒప్పుకున్నారు, ఒప్పుకోవడం ఆయన వ్యాపారం. నాకు మాత్రం గాలి లెక్క అడ్డొచ్చింది. గాలి తోపును లెక్కకట్టే భారతీయ ప్రమాణం 875 మూడో భాగంలో హైదరాబాదుకు మూల వేగం, అంటే లెక్కకు ఆధారంగా తీసుకునే గాలి వేగం, సెకనుకు 44 మీటర్లు, విజయవాడ, విశాఖపట్నాలకు 50 మీటర్లు. మోటు లెక్కన 44 మీటర్ల గాలి చదరపు మీటరు మీద దాదాపు 118 కిలోల బరువుతో నెడుతుంది. రెండు పోల్స్ మధ్య 7 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు ఉన్న ఒక్కో గడి మీద అది 460 కిలోలు. కోస్తాలో ఇదే గడి మీద 600 కిలోలకు దగ్గరవుతుంది. ఇళ్ల ప్రహరీలకు ఇంజనీర్లు వాడే గుణకాలు ఈ అంకెలను కొంత అటూ ఇటూ మారుస్తాయి, కానీ పోలిక మారదు. ఎత్తు పెరిగితే గాలి తగిలే వైశాల్యమూ పెరుగుతుంది, ఆ తోపు నేల నుంచి పనిచేసే ఎత్తూ పెరుగుతుంది. అందువల్ల పోల్‌ను మొదలు దగ్గర వంచే బలం ఎత్తుకు వర్గం చొప్పున పెరుగుతుంది. 5 అడుగుల గోడను 6 చేస్తే అది దాదాపు ఒకటిన్నర రెట్లు, 7 చేస్తే దాదాపు రెట్టింపు, 8 చేస్తే రెండున్నర రెట్లు అవుతుంది. పోల్ మందం, గుంత లోతు మాత్రం కొటేషన్‌లో అన్ని ఎత్తులకూ ఒకటే రాసి ఉంది.

ఈ ఒక్క కారణం చాలు, రెడీమేడ్ గోడను 6 అడుగులకు మించి పలకలతో లేపవద్దని నేను గట్టిగా చెప్పడానికి. ఇంకా ఎత్తు కావాలంటే పైన గాలి దూరిపోయే చైన్‌లింక్ మెష్‌ను ఇనుప యాంగిల్స్‌కు బిగించుకోవచ్చు. మేము పడమటి వైపు అలాగే అడుగున్నర మెష్ వేయించాము, నైరుతి బరువు కోసం లోపల ఒక రాతి తిన్నె కట్టించాము, మామగారు సంతోషించారు. యాంగిల్స్ బిగించడానికి పోల్ పైభాగంలో రంధ్రాలు ఉండాలి. ఇది కూడా పోత పోసేటప్పుడే చెప్పవలసిన విషయం, తర్వాత డ్రిల్లు పెడితే పోల్ తల చిట్లుతుంది.

మాది పైన నల్లరేగడి, కింద మొరం. వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుని నెర్రెలిచ్చే ఈ నేలలో రెండడుగుల గుంత తీసి పోల్ పాతితే, ఒకటి రెండు వర్షాకాలాలకే అది ఏదో ఒక వైపు ఒరుగుతుంది, పలక గాడిలోంచి జారుతుంది. ఇళ్లకే ఇలాంటి చోట అండర్ రీమ్డ్ పైల్స్ (లోతుగా దింపి, అడుగున ఉబ్బెత్తుగా పోసే కాంక్రీటు స్తంభాలు) వేస్తారంటే ప్రహరీ ఎంత. అందుకని మొరం తగిలేదాకా గుంత తీయాలని రాతపూర్వకంగా అడిగాము, వారూ ఒప్పుకున్నారు. పని జరిగేటప్పుడు పడమటి వైపు కొన్ని గుంతలు నల్లమట్టిలోనే ఆగిపోయాయని మా మేస్త్రీ కమ్మీ గుచ్చి చూసి పట్టుకున్నారు. చెప్పాక మళ్లీ తవ్వారు కానీ, చెప్పేదాకా తవ్వలేదు. ఈ సేవలో నాకు అసంతృప్తి మిగిలిన చోటు ఇదే. కాంక్రీటు పోశాక గుంత లోతు ఎవరికీ కనబడదు, కాబట్టి పోయకముందే యజమానో, నమ్మకమైన మనిషో అక్కడ ఉండాలి.

పోల్స్ నిలబెట్టడంలో మాత్రం వారి నేర్పు మెచ్చుకోదగినది. రెండు చివరి పోల్స్ ముందు పాతి, దారం లాగి, ప్రతి పోల్‌నూ రెండు వైపుల నుంచి తూకం గుండు పట్టి చూశారు. నీళ్ల గొట్టంతో తలలన్నీ ఒకే మట్టానికి తెచ్చారు. ఏటవాలు ఉన్న ఉత్తరపు వైపు మాత్రం ఒకే మట్టం పట్టుకుంటే పల్లపు చివర పలక కింద ఖాళీ వచ్చేది, అక్కడ మెట్టులా దించమని అడిగితే అలాగే దించారు. పలకల మధ్య అతుకులకు సిమెంటు పూయడం కొటేషన్‌లో లేదు. విడిగా డబ్బు కట్టి పూయించుకోవడం మంచిది, లేకపోతే వెలుతురుతో పాటు తేళ్లు, చిన్న పాములు కూడా ఆ సందుల్లోంచి వస్తాయి. అన్నింటికన్నా కింది పలకకూ నేలకూ మధ్య ఖాళీని వదలకూడదు, పందులు అక్కడి నుంచే తవ్వడం మొదలుపెడతాయి.

జంతువుల విషయంలో ఎత్తు కొంతవరకే పనికొస్తుంది. మేకలకు, పశువులకు, చాలా వీధికుక్కలకు 5 అడుగులు చాలు. కోతులకు ఎంత ఎత్తయినా ఒకటే, వాటి కోసం పలక ఎక్కించడం డబ్బు దండగ. దొంగల విషయంలోనూ నా అభిప్రాయం అమ్మకందారుల మాటకు భిన్నంగా ఉంది. 8 అడుగుల మూతగోడను ఒకసారి దాటిన దొంగ లోపల ఎంతసేపు తాళం పగలగొట్టినా రోడ్డు మీద పోయేవారికి కనబడడు. ముందు వైపు గ్రిల్లు, దాని మీద పడే వీధి దీపం ఆ రక్షణను మెరుగ్గా ఇస్తాయి.

గేటును ఈ పోల్స్‌కు తగిలించవద్దు. అవి పలకలను పట్టుకోవడానికి చేసినవి, ఊగే గేటు బరువును మోయలేవు. గేటు స్తంభాలను పునాదితో సహా విడిగా కాంక్రీటుతో పోయించుకుని, గేటు ఎత్తును ముందు గోడ ఎత్తుకు సరిపెట్టుకోవాలి. మాది 5 అడుగుల గేటు. కరెంటు మీటరు పెట్టెకు ఆ స్తంభంలోనే చోటు వదిలించాము.

ధర గురించి ఒక్క హెచ్చరిక. కొందరు రన్నింగ్ అడుగు లెక్కన, కొందరు చదరపు అడుగు లెక్కన చెబుతారు. రన్నింగ్ అడుగు ధర విన్నప్పుడు అది ఎన్ని పలకలకో అడగాలి, చదరపు అడుగు ధర విన్నప్పుడు భూమిలోకి పోయే పోల్ భాగాన్ని అందులో కలిపారో లేదో అడగాలి. రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూస్తే చవకగా కనిపించిన దాంట్లో గుంతలు, కాంక్రీటు, రవాణా విడిగా ఉండడం మామూలే. ఒప్పంద పత్రంలో ప్రతి వైపు ఎత్తు ఎంత, అది ఏ మట్టం నుంచి, గుంత లోతెంత అన్న మూడు అంకెలు రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వాలి. మరో స్థలానికి గోడ వేయవలసి వస్తే నేను పలకలు ఈ యూనిట్ నుంచే తెప్పించుకుంటాను, కొలతలకు మాత్రం మా మేస్త్రీని ముందుగా పంపుతాను.